నీళ్ళాయన నాలుక

ఆ వీధిలో పద్నాలుగు ఇళ్ళు. వాటన్నిటికీ నడుమ ఉన్న పెరట్లో ఒక బావి, బావికి ఒక చేతిపంపు. పంపుకి సరిగ్గా ఎదురింట్లో ఉండేవాడు నీళ్ళాయన. అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ ఉత్తరాలు పంచేవాడికి తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ముప్పై నాలుగేళ్ళు ఊరి నీళ్ళ ఆఫీసులో నీళ్ళు రుచి చూసే ఉద్యోగం చేసి దిగిపోయాడు కాబట్టి ఆయన నీళ్ళాయన. కొత్తవాళ్ళెవరికైనా ఆ సంగతి చెబితే, నీళ్ళు తాగినందుకు జీతమా అని నవ్వేవారు.

"తాగినందుకు కాదు, ఉమ్మేసినందుకు" అనేవాడాయన, తను మాత్రం నవ్వకుండా.

ఆఫీసులో తెల్ల పెంకులు అతికించిన గది ఒకటుండేది. పొద్దున తొమ్మిదింటికి ఐదుగురు అందులోకి వెళ్ళి కూర్చునేవారు. ఆ పూట తలకి నూనె రాయకూడదు, వాసన సబ్బు ముట్టకూడదు, కాఫీ తాగకూడదు. ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా కుర్చీకీ కుర్చీకీ మధ్య చెక్క అడ్డాలు. ఎదుటివాడి కనుబొమ లేచిందంటే మనకీ రుచి మారిపోతుందని ఆ ఏర్పాటు. గ్లాసుని అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టి, మూత కాస్త జరిపి వాసన పీల్చి, గుక్కెడు నాలుక మీద తిప్పి ఉమ్మేయాలి. పైపులో తుప్పు పట్టినా, చెరువులో నాచు పెరిగినా, ఎక్కడో ట్యాంకులో పిట్ట పడి చచ్చినా యంత్రాలు మేలుకోకముందే నీళ్ళాయన చెప్పేసేవాడు. గాజులా మెరిసే నీళ్ళలోనే చెడు ఎక్కువ ఉంటుందని అన్నేళ్ళ అనుభవం ఆయనకి నేర్పింది. దాంతో తేటగా కనపడే ప్రతిదాన్నీ, తేటగా మాట్లాడే ప్రతి మనిషినీ ఆయన ఓరగా చూసేవాడు.

దిగిపోయాక ఆ నాలుక వీధికి పనికొచ్చింది. పాలు విరుగుతాయేమో చూడమని ఒకరు, నూనె పాతబడిందేమో చూడమని ఒకరు గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవారు. వచ్చినవాళ్ళు చూపించుకుని పోతారా, పోరు. మెట్టు మీద కూర్చుని ఇంటి సంగతులన్నీ ఏకరువు పెట్టేవారు. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఆయన, భార్య. ఆ గుమ్మంలో అలికిడి ఉండటానికి కారణం ఆ నాలుక ఒక్కటేనని ఆయనకి బాగా తెలుసు.

పోయిన చలికాలం ఆయనకి జ్వరం తగిలింది. పది రోజులు మంచం మీద ఉండి, పదకొండో రోజు లేచి పంపు దగ్గరికి వెళ్ళి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. చల్లగా ఉన్నాయి. చల్లదనం తప్ప మరేమీ లేదు. కిటికీ అద్దాన్ని నాకినట్టుంది. నీరసం వల్ల అనుకుని వారం చూశాడు, నెల చూశాడు. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళు మండాయి గానీ వాసన రాలేదు. ఎక్కడో దూరంగా ఉన్న డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట ఆయన భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడ ఏది వడ్డించినా బాగుందన్నాడు. ఎవరు ఏ గిన్నె తెచ్చినా ఇదివరకటిలాగే గుక్కెడు నోట్లో తిప్పి, ఎందుకైనా మంచిది, పారబోయండి అన్నాడు. ఆ నాలుగు నెలల్లో ఆ వీధివాళ్ళు కాలవలో పోసిన మంచి పాలు ఎన్నో ఆ కాలవకే తెలియాలి.

వీధి మొదట్లో ఒక పాత పబ్బు ఉంది. దాన్ని నడిపిన ముసలాయన పోయాక, వసంతంలో ఆయన మేనకోడలు వచ్చి తలుపులు తెరిచింది. నలభై ఏళ్ళ మనిషి. మోచేతుల దాకా చొక్కా చేతులు మడిచి, పొద్దస్తమానం ఏదో ఒకటి కడుగుతూ కనపడేది. రాగి పాత్రలు తెప్పించి నేలమాళిగలో సొంతంగా బీరు కాయడం మొదలుపెట్టింది. ఆమె వచ్చిన రెండు నెలలకి బావి నీరసించింది. పొద్దున నాలుగు బకెట్లు నిండేసరికి పంపు గాలి పీల్చుకుని గురకపెట్టేది. వీధిలో కుళాయిలు లేకపోలేదు. అయినా తాగడానికీ వండటానికీ అందరూ బావినే నమ్ముకున్నారు.

సెలూన్ నడిపే మంగలి ఉండబట్టలేక ఒకరోజు వెళ్ళి ఆమెనే అడిగాడు. మాకు కుళాయి నీళ్ళు ఉన్నాయి కదండీ అందట. మంగలి క్షవరం చేస్తూ ఆ జవాబు చెప్పినప్పుడు నీళ్ళాయన దాన్ని కూడా నోట్లో వేసుకుని తిప్పినట్టు రెండుసార్లు తనలో తాను అనుకుని చూశాడు. ఉన్నాయి అంది గానీ, వాటితోనే కాస్తున్నాం అనలేదు. ఆ మాట ఆయన పైకి అనగానే మంగలి కత్తెర ఆపేశాడు. వీధికంతటికీ ఆ అనుమానం అంటుకోవడానికి ఒక్క పూట పట్టలేదు.

సరిగ్గా అప్పుడే ప్రతి ఇంటి తలుపు కిందా ఒక కార్డు వచ్చి పడింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మన వీధివాళ్ళకి రుచుల సాయంత్రం, అందరూ రండి, తాగనివాళ్ళకి నిమ్మరసం అని ఉంది. నీళ్ళాయన దాన్ని ముందు చదివాడు, వెనక్కి తిప్పాడు, కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి వీధినంతా కూర్చోబెట్టి ఉచితంగా ఎందుకు పోస్తుంది? భార్య మాత్రం, పిలిచారు కాబట్టి వెళదాం, ఆ చొక్కా ఇస్త్రీ చేస్తాను అంది. ఆవిడకి అంత హుషారు ఎందుకో కూడా ఆయనకి అర్థం కాలేదు. ఈ మధ్య తను భోజనం చేస్తుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ చూపు కూడా ఆయనకి నచ్చడం లేదు.

గురువారం సెలూన్‌లో సభ జరిగింది. మంగలి, బడి నుంచి ఎప్పుడో రిటైరైన టీచరమ్మ, ఇంకో నలుగురు. టీచరమ్మకి డెబ్బై దాటాయి, వీధిలో మగవాళ్ళంతా ఆవిడకి తమ్ముళ్ళే. ఫిర్యాదు కాగితం అప్పటికే రాసి తెచ్చింది. సాక్ష్యం ఒక్కటే తక్కువ.

"అన్నయ్యా, నీకు ఒక్క గుక్క చాలు" అన్నాడు మంగలి. "మన బావి నీళ్ళు ఆ బీరులో ఉంటే నీ నాలుక పట్టేస్తుంది. నువ్వు ఊఁ అంటే సంతకాలు పెట్టేస్తాం."

"బీరులో నీళ్ళని పట్టుకోవడం అంత తేలికా?"

"తేలికైతే నా నాలుకతోనే చూసుకునేవాణ్ణిగా. నిన్నెందుకు బతిమాలతాను?"

నీళ్ళాయన కాసేపు నీళ్ళు నమిలాడు. ఒంట్లో బాగాలేదని తప్పుకుందామనుకున్నాడు. కానీ అద్దాల్లోంచి ఆరు జతల కళ్ళు తననే చూస్తున్నాయి. సరే అన్నాడు.

శుక్రవారం పదమూడుమంది వెళ్ళారు. నీళ్ళాయన భార్య తప్ప అందరూ తాగేవాళ్ళే. పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు వేసి ఉన్నాయి. నేల కడిగిన తడి ఇంకా ఆరలేదు. పబ్బావిడ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పలకరించింది. నీళ్ళాయన దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ జోడించి, మీ గురించి చాలా విన్నాను బాబాయిగారూ, మీ కోసమే ఎదురుచూస్తున్నాను అంది. ఎవరి దగ్గర వింది? ఏం వింది? ఆయన చూపు తనకి తెలియకుండానే భార్య వైపు తిరిగింది. ఆవిడ కుర్చీ వెతుక్కుంటోంది.

అందరూ కూర్చున్నాక పబ్బావిడ చెప్పింది. ఒక్కొక్కరి ముందూ మూడు గ్లాసులు పెడతాను, మీద అ, ఆ, ఇ అని రాసి ఉంటుంది. రెండు ఒకే పీపాలోవి, మూడోది వేరే పీపాలోది. ఏది వేరో కనిపెట్టి చీటీ మీద రాసి గిన్నెలో వేయండి. ఏమిటి తేడా అన్నది తర్వాత చెబుతాను.

ఇది తన పరీక్ష. ముప్పై నాలుగేళ్ళు తెల్ల పెంకుల గదిలో తను రాసిన పరీక్ష ఇదే, అక్షరం పొల్లుపోకుండా. ఈవిడకి ఎవరు నేర్పారు? వీధి అంతటి ముందూ తన నాలుకని బయటపెట్టి, రేపు తను ఏం చెప్పినా చెల్లకుండా చేయడానికే ఈ విందు అని ఆయనకి తేలిపోయింది.

అప్పుడు ఆయన అన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఆమె చేతుల వైపు చూశాడు. కౌంటరు వెనక గోడంతా అద్దం. ఆమె వీపు ఇటుంది గానీ అద్దంలో పీపాలు రెండూ కనపడుతున్నాయి. ఒకటి కొత్త ఉక్కు పీపా, ఒకటి నల్లబడిన పాత చెక్క పీపా. ‘అ’ గ్లాసులు ఉక్కు పీపా కింద నిండాయి. ‘ఇ’ గ్లాసులు కూడా అక్కడే. ‘ఆ’ గ్లాసులు మాత్రం చెక్క పీపా కింద.

గ్లాసులు బల్ల మీదికి వచ్చాయి. ఆయన ఒక్కొక్కటీ అరచేతుల్లో పట్టుకుని, వాసన పీల్చి, గుక్కెడు తీసుకుని, కళ్ళు మూసుకుని తిప్పాడు. బల్ల మొత్తం ఆయన దవడలనే చూస్తోంది. నాలుక మీద సూదుల్లా బుడగలు చిటపటమన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. మూడు గ్లాసులూ మూడు శూన్యాలు. చీటీ మీద ‘ఆ’ అని రాసి గిన్నెలో వేశాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ మంగలి బల్ల కింద కాలితో తన్నాడు. నీళ్ళాయన లేచి నిలబడ్డాడు. తెల్ల పెంకుల గదిలో అయితే పైకి మాట్లాడినవాణ్ణి ఆ పూటకి బయటికి పంపేసేవారు.

"‘ఆ’ గ్లాసు వేరు" అన్నాడు. "అందులో మా బావి నీళ్ళున్నాయి. మిగతా రెండూ కుళాయి నీళ్ళు."

పాత పీపాలో పాత సరుకు ఉంటుందన్న ఊహ తప్ప బావి నీళ్ళన్న మాటకి ఆధారం లేదు. పబ్బావిడ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. ఆమె ముఖం చిన్నబోవడం అందరూ చూశారు. దొరికిపోయింది అన్నాడు మంగలి, పక్కవాడికి మాత్రమే వినపడిందనుకుని. టీచరమ్మ సంచిలోంచి కాగితం తీసింది.

పబ్బావిడ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. అవును, నిజమే అంది. మేనమామ కాలం నుంచీ నేలమాళిగలోకి బావి నుంచి ఒక పైపు ఉంది. ఆ నీళ్ళతోనే కాశాను. బావి తవ్వించినప్పటి కాగితంలో పద్నాలుగు ఇళ్ళతో పాటు పదిహేనో వాటా ఈ పబ్బుది అంటూ కౌంటరు కింద నుంచి ఒక ఫ్రేము తెచ్చి టీచరమ్మ ముందు పెట్టింది. టీచరమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చివరిదాకా చదివి, తన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసుకుంది.

"పంపు గురక నాకూ వినపడుతోంది" అంది పబ్బావిడ. "అందుకే పోయిన నెల కుళాయి నీళ్ళు వడగట్టి ఒక కాపు కాశాను. కాపు మారినప్పుడు బీరు కాసేవాళ్ళం చేసే పరీక్షే ఈ మూడు గ్లాసులు. ఆ నీళ్ళతో పెరిగినవాళ్ళు మీరు. తేడా మీకే తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు, రేపే పైపు మూసేద్దామనుకున్నాను. బాబాయిగారు ఒక్క గుక్కలో పట్టేశారు. తెలిసిన మనిషి చెప్పాక ఇక ఆ చీటీలెందుకు? నాకున్నది ఈ బీరొక్కటే. రుచి మారిందంటే వచ్చే నలుగురూ రారు. పైపు మూయలేనండీ."

పన్నెండు కుర్చీల్లో ఎవరు ముందు ఆయన వైపు తిరిగారో చెప్పలేం గానీ చివరికి అందరూ తిరిగారు. నీళ్ళాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె ఆడుతున్న నాటకం ఎక్కడుందా అని ఆఖరిసారి ఆమె ముఖంలో వెతికాడు. కనపడలేదు. కనపడి ఉంటే ఎంతో హాయిగా ఉండేది. ఇప్పుడు కూర్చుంటే తన పేరు నిలుస్తుంది, బావి ఎండుతుంది. నోరు విప్పితే బావి మిగులుతుంది.

"నాకు రుచి తెలియదు" అన్నాడు. "చలికాలం జ్వరం తగ్గినప్పటి నుంచీ తెలియదు. నీ వెనక అద్దంలో చూసి చెప్పాను. బావి నీళ్ళన్నది ఊహ."

అందరూ నివ్వెరపోతారనుకున్నాడు. మంగలి పకపకా నవ్వాడు. టీచరమ్మ కూడా తల వంచుకుని నవ్వు ఆపుకుంది. బావి కోసం నీళ్ళాయన ఎంత చక్కగా అబద్ధమాడాడో అన్న మెప్పు వాళ్ళ ముఖాల్లో ఉంది. పబ్బావిడ మాత్రం నవ్వలేదు.

"ఇందాక గుక్కలో పట్టేసిన నాలుక ఇంతలోనే చచ్చిపోయిందా బాబాయిగారూ? నేనేమైనా చిన్నపిల్లనా?"

అప్పుడు ఆయన భార్య మాట్లాడింది. బల్ల చివర నిమ్మరసం గ్లాసు ముందు కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అంది.

"మూడు వారాల నుంచి వంటలో ఉప్పు వేయడం లేదమ్మా. ఈయన బాగుందనే తింటున్నారు. ఎప్పటికి చెబుతారా అని చూస్తున్నాను."

మొగుడూ పెళ్ళాం ఒకటే జట్టు కదా అంది పబ్బావిడ. తప్పు పట్టడానికి లేని మాట. తను ఆమె స్థానంలో ఉంటే తనూ నమ్మేవాడు కాదు. నీళ్ళాయన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"మూడు గ్లాసులు తీసుకురామ్మా. రెండింట్లో వట్టి నీళ్ళు. ఒకదాంట్లో ఉప్పు, గుప్పెడు. ఏది ఏదో నువ్వొక్కదానివే పెట్టు. ఈసారి అద్దానికి గుడ్డ కప్పు."

ఆమె అలాగే చేసింది. నీళ్ళాయన మొదటి గ్లాసు తాగాడు. రెండోది ఎత్తి సగం దాకా, దాహం వేసిన మనిషిలా, మింగుతూ తాగాడు. గొంతులో ఏదో ఒరుసుకున్నట్టు అనిపించింది గానీ ముఖంలో గీత కూడా మారలేదు. మూడోది కూడా తాగాడు. ఆఫీసు చీటీలో తెలియదు అని రాయడానికి గడి ఉండేది కాదు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఆ అలవాటు కొద్దీ ఆయన శ్రద్ధగా ఆలోచించి మూడోది వేరు అన్నాడు.

టీచరమ్మ లేచి వచ్చి రెండో గ్లాసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. వెంటనే చేతిగుడ్డలో ఉమ్మేసింది.

"ఇక చాలు తమ్ముడూ" అంది, గ్లాసుని ఆయన చేతిలోంచి తీసుకుంటూ.

మంగలి నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. పబ్బావిడ వెళ్ళి గిన్నె తెచ్చి చీటీలు బల్ల మీద బోర్లించింది. నీళ్ళాయన తన చీటీ వెతికి పక్కకి తీసేశాడు. మిగిలిన పదకొండింటిలో నలుగురు ‘ఆ’ అని రాశారు.

"కళ్ళు మూసుకుని వేలు పెట్టినా పదకొండుమందిలో నలుగురికి తగులుతుంది" అన్నాడు. "రుచిలో తేడా ఉంటే తొమ్మిదిమందైనా పట్టుకుని ఉండేవారు. నీ బీరుకి ఢోకా లేదు. ఈ లెక్క కట్టడానికి నాలుక అక్కర్లేదు."

ఆమె చీటీలని రెండుసార్లు తిరగేసి చూసుకుంది. రేపు ప్లంబర్ని పిలుస్తానంది. ఎన్నింటికి అని అడిగాడు నీళ్ళాయన.

పొద్దున ఎనిమిదింటికి ప్లంబరు కంటే ముందే ఆయన నేలమాళిగ మెట్ల మీద ఉన్నాడు. పైపు కోసి, మర తిప్పి ఇనుప బిరడా బిగించేదాకా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. బిగించాక వంగి పైపుకి చెవి ఆనించాడు. తర్వాత మాళిగలో ఇంకో పైపేదైనా ఉందేమోనని నాలుగు గోడలూ తడిమాడు.

"ఇంకా నమ్మకం కలగలేదా?" అంది పబ్బావిడ.

"నాకిక మిగిలినవి కళ్ళూ చెవులే కదమ్మా. వాటిని పని చేయించుకోవాలి."

ఆమె అప్పుడు కూడా నవ్వలేదు. రాత్రి ఎంతసేపు ఆలోచించినా ఒకటి అంతుపట్టడం లేదు, ఎవరూ అడగకముందే ఎందుకు చెప్పేశారు, మీకేం ఒరిగింది అని అడిగింది. ఆమె కళ్ళల్లో ఉన్నది కూడా అనుమానమేనని ఆయన గుర్తుపట్టాడు. తన జాతి మనిషే అనుకున్నాడు. బిరడాని ఇంకోసారి చేత్తో తిప్పి చూసి మెట్లెక్కాడు.

వారం తిరిగేసరికి బావి తేరుకుంది. ఎవరి పాలు వాళ్ళే వాసన చూసుకుంటున్నారు. ఇకమీదట ఎవరి నాలుక వాళ్ళదే అని మంగలి సెలూన్‌లో ప్రకటించాడట. అందులో వెక్కిరింత ఎంతో, బాధ ఎంతో నీళ్ళాయనకి తెలియలేదు. ఆయన ఇప్పుడు క్షవరానికి వెళ్ళడం లేదు. గుమ్మం బోసిపోయింది. పొద్దున్నే మెట్టు మీద కూర్చుంటే పంపు దగ్గరికి వచ్చినవాళ్ళు తల ఊపి, బకెట్లు నింపుకుని వెళ్ళిపోయేవారు. భార్య వంటలో ఉప్పు మళ్ళీ వేస్తున్నట్టు చెప్పింది. అవునా అన్నాడు.

తొమ్మిదో రోజు టీచరమ్మ బకెట్టు పంపు కిందే వదిలేసి ఇటు నడిచి వచ్చింది. ఆయన ముందు ఆవిడ చేతుల వైపు చూశాడు. గిన్నె లేదు, కాగితం లేదు. ఆవిడ వెనక ఎవరైనా ఉన్నారేమో చూశాడు. ఎవరూ లేరు.

"ఏం కావాలక్కా?"

"ఏమీ వద్దు. మోకాళ్ళు లాగుతున్నాయి, కాసేపు కూర్చుంటాను" అంది టీచరమ్మ.

ఆవిడ ఇంటి ముందు కూడా మెట్లున్నాయి. అవి పంపుకి ఇంకా దగ్గర. ఆ సంగతి నీళ్ళాయన మనసులో మెదిలింది, అడగడానికి నోరు కూడా తెరిచాడు. తర్వాత ఊరుకుని, ఆవిడకి చోటు దొరికేలా గోడ వైపు జరిగాడు.